బూట్లలో కమలాపండు

ఆ రోజుల్లో నాకు కోపం రావాలంటే ఏదో ఒక కారణం ఉండేది. ఇప్పుడు కారణం కూడా అక్కర్లేదని మా చర్చిలో చాలామంది అనుకుంటారు. అది తప్పు. ఇప్పుడూ కారణం ఉంటుంది, తేదీతో సహా ఉంటుంది. వినే ఓపికే వాళ్లకి ఉండదు. డెబ్బై ఆరేళ్ల ముసలిది కాఫీ కప్పు బల్లమీద ఠక్కున పెడితే "ఆంటీకి షుగర్ పెరిగినట్టుంది" అనుకుంటారు తప్ప, బల్లమీదున్న పుస్తకంలో తప్పుందేమోనని ఎవరూ చూడరు. ఈసారి కారణం ఆ పుస్తకమే. జర్మనీలో, కొలోన్‌లో ఉన్న మా చిన్న ఎపిస్కోపల్ సంఘం పోయిన నవంబరులో తన చరిత్రని తళతళలాడే కాగితం మీద రంగుల్లో అచ్చు వేయించుకుంది. (ఎపిస్కోపల్ అంటే మరేం లేదు, బిషప్పుగారి కింద నడిచే సంఘం. ఇంగ్లీషు ప్రార్థన పుస్తకం చేత్తో పట్టుకుని, అది నిలబడమన్నచోట నిలబడి, మోకరించమన్నచోట మోకరిస్తాం.) నేను కళ్లజోడు తుడుచుకుని మొదటి పేజీ నుంచి చదివాను. పేజీలో సగం బొమ్మలే కాబట్టి పద్నాలుగో పేజీ దాకా ప్రశాంతంగానే ఉన్నాను.

అక్కడ ఇలా ఉంది: "డిసెంబరులో సంఘస్థులందరూ బూట్లు వాకిట్లో విప్పి ఆరాధనకు రావడం, తిరిగి వెళ్లేసరికి వాటిలో పండ్లు, అక్రోట్లు ఉండడం మన సంఘపు ప్రత్యేక సంప్రదాయం. దీనిని 1974 డిసెంబరు 6, ఆదివారం నాడు మన తొలి ఫాదర్‌గారు ప్రారంభించారు. బూట్లలో పరిచే తెల్లని రుమాలు హృదయశుద్ధికి గుర్తు." 1974లో డిసెంబరు ఆరు శుక్రవారం. క్యాలెండరు అనేది ఒకటుందని, అది అందరికీ ఉచితంగా దొరుకుతుందని ఈ పుస్తకం రాసినవాళ్లకి ఎవరైనా చెప్పాలి. ఆ ఫాదర్‌గారు తొలి ఆయనా కాదు, మూడో ఆయన. హృదయశుద్ధి సంగతి తర్వాత చెబుతాను. ఇవన్నీ నేను ఓర్చుకునేదాన్నే. ఎదురు పేజీలో ఉన్న ఫొటోనే ఓర్చుకోలేకపోయాను. అందులో మేమందరం గుడి మెట్ల మీద నిలబడి ఉన్నాం. ఒక పక్కగా, బూడిదరంగు పొడుగు కోటుతో, చేతిలో తాళాల గుత్తితో ఒక పెద్దాయన ఉన్నాడు. ఫొటో కింద పేర్లన్నీ వరసగా వేసి, ఆయన దగ్గరికి వచ్చేసరికి "గుర్తు తెలియని సందర్శకుడు" అని రాశారు.

తలుపు తీసినవాడు సందర్శకుడట! లోపలికొచ్చిన మనం ఇంటివాళ్లమట!

ఆ పుస్తకం తయారుచేసింది మా సంఘ కార్యదర్శి. వరంగల్ అబ్బాయి, ఇక్కడ ఒక కంపెనీలో కంప్యూటర్ పని. మంచివాడే. దేనికైనా స్లైడ్లు తయారుచేస్తాడు, చివరికి కొత్త దుప్పట్లు కొనాలా వద్దా అన్నదానికి కూడా. అందుకే నేను స్లైడ్ల అబ్బాయి అంటాను. ఆదివారం దాకా ఆగలేక అతనికి ఫోను చేశాను.

"ఆంటీ, ఇప్పుడెట్ల మారుస్తం? ప్రింట్ అయిపోయింది కదా. డ్రుకరై వాళ్ల దగ్గర మళ్లీ టెర్మిన్ కూడ దొరకదు." (డ్రుకరై అంటే అచ్చాఫీసు, టెర్మిన్ అంటే అపాయింట్‌మెంటు.)

"అచ్చు వేయకముందు నన్నెందుకు అడగలేదు? ఆ ఫొటోలో రెండో వరసలో ఉన్నది నేనే."

"మీరా? నిజంగనా? చాలా సన్నగున్నరు ఆంటీ!"

"నా సన్నదనం గురించి కాదు. ఆ తేదీ నీకెవరు చెప్పారు?"

"ఆ ఫాదర్‌గారు రిటైరైనప్పుడు ఇచ్చిన స్పీచ్ ఉంది ఆంటీ, క్యాసెట్ల. ఆయనే చెప్పిండు, నేనే మొదలుపెట్టిన అని."

ఆ ఉపన్యాసం నేను విన్నాను. మొదటి బెంచీలో కూర్చుని విన్నాను. వీడ్కోలు రోజున ముసలాయన్ని అందరిముందూ సరిదిద్దడం మర్యాద కాదని నోరు మూసుకున్నాను. మర్యాదకి ఫలితం ఇది, చూశారు కదా.

"సెకండ్ ప్రింట్‌ల మారుస్త, ప్రామిస్ ఆంటీ" అన్నాడు. రెండో ముద్రణ వచ్చేది సంఘానికి వందేళ్లు నిండినప్పుడు. అప్పటికి నేను ఏ ఫొటోలోనూ ఉండను. పైగా "ఒక్క ముసలాయన పేరు కోసం ఇంత టెన్షన్ ఎందుకాంటీ?" అన్నాడు. నేను ఫోను పెట్టేశాను. ఆ ఒక్క ముసలాయన గురించే ఇప్పుడు రాస్తున్నాను. వాళ్ల ఇంగ్లీషు పుస్తకంలో చోటు లేదన్నారు కాబట్టి తెలుగులో రాస్తున్నాను.

నేను నర్సు పని నేర్చుకోవడానికి జర్మనీ వచ్చింది 1970 ఏప్రిల్లో. అప్పటికి నాకు ఇరవై ఒకటి. గుంటూరు పక్క మిషను కాంపౌండులో పుట్టి పెరిగిన పిల్లని. మా నాయనమ్మ నాకు నేర్పిన మతం రెండు ముక్కలు: అన్నం పారేయకూడదు, గుడిలోకి చెప్పులతో పోకూడదు. "బైబిల్లో మండే పొదలోంచి దేవుడే నోరు తెరిచి చెప్పులు విప్పమన్నాక మనకి మళ్లీ వేరే చెప్పాలా?" అనేది. మా ఊరి గుడిముందు ఆదివారం పూట చెప్పుల వరస చూస్తే లోపల ఎవరెవరున్నారో చెప్పేయొచ్చు. కొలోన్ ఆసుపత్రిలో నా పేరు ఎవరికీ నోరు తిరిగేది కాదు. కొందరు "చిన్న సిస్టర్" అనేవాళ్లు, కొందరు వేలు చూపించేవాళ్లు. అక్టోబరులో ఎవరో చెబితే ఈ ఇంగ్లీషు సంఘానికి వెళ్లాను. ఫాదర్‌గారు నా పేరు అడిగి, రెండుసార్లు పలికి చూసుకుని, మూడోసారి సరిగ్గా పిలిచారు. నేను తర్వాతి ఆదివారం కూడా వెళ్లడానికి ఆ ఒక్కటి చాలింది.

అప్పటికి మా సంఘానికి గుడి లేదు, ఇప్పటికీ లేదనుకోండి. యుద్ధం అయ్యాక ఇక్కడ దిగిన ఇంగ్లీషు పటాలాల వాళ్ల కుటుంబాల కోసం మొదలైన సంఘం. జర్మన్ ప్రొటెస్టెంటు గుడికి పక్కనే అతుక్కుని ఉన్న చిన్న ఆరాధన గదిని వాళ్లు మాకు ఎరువిచ్చారు. వాళ్ల ఆరాధన పదింటికి, మాది పన్నెండింటికి. ఫాదర్‌గారు రైలు దిగి, గోధుమరంగు సూటుకేసు మోసుకుంటూ వచ్చేవారు. శిలువ, గిన్నె, కొవ్వొత్తుల స్తంభాలు, బల్లమీద గుడ్డ, ఆయన అంగీ, మా సంఘం మొత్తం అందులోనే ఉండేది. అందుకని నేను ఆయన్ని నాలో నేను పెట్టె ఫాదర్ అనుకునేదాన్ని. పెట్టె తెరిస్తే మేం సంఘం, పెట్టె మూస్తే ఎవరి బస్సు వాళ్లది. ఆ గది తలుపు తీసి, మేం వచ్చేలోపు పొయ్యి రాజేసి, మేం వెళ్లాక కొవ్వొత్తి మైనం గీకి, తాళం వేసే మనిషి ఒకాయన ఉండేవాడు. జర్మన్ గుడి కాపరి, కూస్టర్ అంటారు ఇక్కడ. నేను తాళాల తాత అనేదాన్ని. నడుస్తుంటే ఆయనకన్నా ముందు ఆయన తాళాలు వచ్చేవి.

మొదటి ఆదివారమే నేను అలవాటు ప్రకారం వాకిట్లో బూట్లు విప్పి, ఉన్ని మేజోళ్లతో లోపలికి వెళ్లాను. చీర, చీరమీద కోటు, కింద మేజోళ్లు. రాతి నేల. ఆ చలి అరికాళ్లలోంచి ఎక్కి రెండో కీర్తనకల్లా మోకాళ్ల దగ్గరికి వచ్చేది, ప్రసంగం పొడుగైతే ఇంకా పైకి. ఎవరూ ఏమీ అనలేదు. ఇంగ్లీషువాళ్లు ఏమీ అనకుండా చూసే చూపు ఒకటుంటుంది, అది చూశారు. అనే పని మాత్రం టోపీ దొరసాని తీసుకుంది. ఆవిడ ఒక మేజరుగారి భార్య, సంఘ పెద్ద. ఆవిడ టోపీ లేకుండా గుడికి రావడం నేను ఏనాడూ చూడలేదు. ఊదారంగు టోపీ, మీద ఒక ఈక. మూడో ఆదివారం కాఫీ దగ్గర నన్ను పక్కకి పిలిచింది.

"అమ్మాయీ, నువ్వు మహారాణిగారి ముందుకి ఇలాగే మేజోళ్లతో వెళతావా?"

నాకు జవాబు తట్టలేదు. ట్రాము ఎక్కి మూడు స్టాపులు దాటాక తట్టింది: మహారాణిగారు మండే పొదలోంచి పిలిస్తే తప్పకుండా వెళతాను. (నా కోపానికి మొదటి నుంచీ ఇదే జబ్బు, మాట వెనక బండిలో వస్తుంది.) దాన్ని వారం రోజులు దాచుకుని, ఇంగ్లీషులో బాగా సానబట్టి, మరుసటి ఆదివారం ఆవిడకి అప్పజెప్పాను. ఆవిడ అప్పటికి ప్రశ్న మరిచిపోయింది. "ఏ పొద, నాయనా?" అంది.

నవంబరు చివర్లో పెట్టె ఫాదర్ నన్ను ఒక సంగతి అడిగారు. డిసెంబరు ఆరు, క్రిస్మస్‌కి ముందొచ్చే ఆగమన కాలపు రెండో ఆదివారం, పత్రిక పాఠం (బైబిల్లో అపొస్తలులు రాసిన ఉత్తరాల్లోంచి ఒక భాగం) నువ్వు చదువుతావా? మా ఊళ్లో పాఠం చదివేది మగవాళ్లే. మా నాయనమ్మకి పాఠాలన్నీ కంఠతా వచ్చు, చదివేవాడు తప్పు చదివితే ఆడవాళ్ల చాప మీంచి గట్టిగా దగ్గేది. జీవితమంతా ఆవిడ దగ్గుతూనే ఉంది, ఆ బల్ల దగ్గరికి ఎవరూ పిలవలేదు. ఆవిడ మనవరాలిని కొలోన్‌లో పిలుస్తున్నారు! ఆసుపత్రిలో బెడ్‌పాన్లు కడుగుతూ ఆ పాఠం బట్టీ పట్టాను. పూర్వం రాసినవన్నీ మనకి బోధ కోసమే రాశారని అందులో ఉంది. (స్లైడ్ల అబ్బాయికి ఈ మాట ఎవరైనా చూపించండి.)

దొరసాని ఊరుకుంటుందా? "మేజోళ్లతో చదువుతుందా? వీల్లేదు. బూట్లు వేసుకుంటే చదవమనండి, లేకపోతే నేను చదువుతాను" అంది. ఫాదర్‌గారి దగ్గరికి వెళ్లాను.

"బూట్ల సంగతిలో నువ్వన్నది నిజమే" అన్నారు ఆయన. "ఆవిడన్నది కూడా నిజమే."

"మరి నేను చదవాలా వద్దా?"

"ప్రార్థన చేసుకో అమ్మా" అన్నారు, పెట్టె మూసుకుంటూ.

చేసుకున్నాను. బూట్ల గురించి దేవుడు కొత్తగా ఏమీ చెప్పలేదు. అంటే పాత మాటే అమల్లో ఉన్నట్టు లెక్క.

ఆ ఆదివారం మంచు పడింది. వాకిట్లో బూట్లు విప్పి జతగా, గోడవారగా పెట్టి లోపలికి వెళ్లాను. దొరసాని మొదటి బెంచీలో, పుస్తకం ఆ పేజీ దగ్గర తెరిచిపెట్టుకుని, లేవడానికి సిద్ధంగా కూర్చుని ఉంది. ఫాదర్‌గారు ఎవరి పేరూ చెప్పకుండా "ఇప్పుడు పాఠం" అని కళ్లు మూసుకున్నారు. ఆవిడ లేవబోయింది. అయితే ఆవిడ మడమల బూట్లతో లేవాలి, పర్సు సర్దుకోవాలి, టోపీ చూసుకోవాలి. మేజోళ్ల కాళ్లకి ఆ బాధలేవీ లేవు, చప్పుడు కూడా లేదు. ఆవిడ తల తిప్పేసరికి నేను బల్ల దగ్గర ఉన్నాను. ఒక్క తప్పు లేకుండా చదివాను. చలికి పళ్లు కొట్టుకుంటుంటే అదేదో భక్తి వణుకనుకుని వెనక బెంచీలో ఎవరో కళ్లు కూడా తుడుచుకున్నారు. నాకైతే నాయనమ్మ దగ్గు వినబడలేదు. అంతకన్నా మెప్పు లేదు.

ఆరాధన అయ్యాక అందరూ కాఫీ దగ్గర ఆగిపోయారు. డ్యూటీకి టైమవుతోందని నేను గబగబా వాకిట్లోకి వచ్చాను. నా బూట్ల దగ్గర ఆగిపోయాను. కుడి బూటులో అక్రోట్లు, దానిమీద ఒక కమలాపండు. ఎడమ బూటులో బెల్లపు రొట్టె ముక్క, బంగారు కాగితం చుట్టిన చాక్లెట్టు, ఇంకో కమలాపండు. తినే తిండి! కాలి బూట్లలో!

ఇది చదివే తెలుగువాళ్లకి నేను వివరించక్కర్లేదు. మా ఇంట్లో కంచం దగ్గరికి చెప్పు వస్తేనే నాయనమ్మ కంచం కడిగించేది. ఒక మనిషికి చెప్పులో తిండి పెట్టడమంటే దానికన్నా పెద్ద తిట్టు మా భాషలోనే లేదు, ఇక ఇంగ్లీషులో ఎక్కడుంటుంది? ఎవరు చేశారో క్షణంలో తేల్చేశాను. బల్ల దగ్గర ఓడిపోయి ఈవిడ ఇలా తీర్చుకుందన్నమాట! రెండు బూట్లూ రెండు చేతుల్లో పళ్లేల్లా పట్టుకుని, మేజోళ్ల కాళ్లతోనే మళ్లీ లోపలికి నడిచాను. నేరుగా ఊదారంగు టోపీ ముందుకి.

"ఏమిటిది?" అన్నాను ఇంగ్లీషులో. అక్కడితో నా ఇంగ్లీషు అయిపోయింది. మిగతాదంతా తెలుగులోనే వచ్చింది, ఈసారి మాటలు వెనక బండిలో కాదు, నాకన్నా ముందే వచ్చాయి. "తినే తిండిని చెప్పుల్లో పోస్తావా? మీ ఇంట్లో పళ్లేల్లేవా? నువ్వు నెత్తిన పిట్టని మోసుకొస్తే నేనేమన్నా అన్నానా? నా కాళ్లు నీకేం అడ్డమొచ్చాయి? నీ బిస్కెట్లు నీ టోపీలో వేసి పెడితే తింటావా, చెప్పు! తింటావా?"

అందరూ కప్పులు పట్టుకుని బిగుసుకుపోయారు. దొరసాని బూట్లవైపు చూసింది, నావైపు చూసింది. అప్పుడు ఆవిడ చేసిన పని నేను చచ్చేదాకా మరిచిపోను. ఎంతో మర్యాదగా వంగి, ఎడమ బూటులోంచి ఒక చాక్లెట్టు తీసుకుని, "థాంక్యూ మై డియర్" అంది. నేను పంచిపెడుతున్నాననుకుంది! పెట్టె ఫాదర్ దగ్గరికొచ్చి నెమ్మదిగా, "మీ దేశపు కోత పండుగా?" అని అడిగారు. కొత్త సంప్రదాయాన్ని ఆశీర్వదించాలో వద్దో తెలీక చెయ్యి సగం దాకా ఎత్తి ఆపారు. (1974లో సంప్రదాయం ప్రారంభించిన మహానుభావుడు ఈయనే.) నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూ తిడుతున్నాను, తిడుతుంటే అక్రోట్లు బూటులోంచి రాలి బెంచీల కిందికి దొర్లుతున్నాయి.

అప్పుడు తాళాలు వినబడ్డాయి. తాత గుమ్మంలో నిలబడి ఉన్నాడు. దొర్లుతున్న అక్రోట్లనీ, నా మొహాన్నీ చూసి ఆయన మొహం పాలిపోయింది. "నికొలౌస్..." అన్నాడు. "పిల్లా, ఇవాళ నికొలౌస్ కదా."

ఎవరికీ అర్థం కాలేదు. నాకొచ్చిన ఎనిమిది నెలల జర్మన్‌తో నేనే అడిగాను, నేనే విన్నాను, నేనే అందరికీ ఇంగ్లీషులో చెప్పాను. డిసెంబరు ఆరు నికొలౌస్ అనే పుణ్యపురుషుడి రోజు. ముందురోజు సాయంత్రం ఈ దేశపు పిల్లలు బూట్లు తుడిచి గుమ్మం దగ్గర పెడతారు, పొద్దున్నకి ఆయన వాటిని పళ్లతో, పప్పులతో నింపి వెళతాడు. ఇది తెలియని పిల్ల జర్మనీలో ఉండదు. తాత అక్టోబరు నుంచి చూస్తున్నాడు: ఎవరో నల్లపిల్ల, ఎక్కడి నుంచో వచ్చింది, ఆదివారం ఆదివారం బూట్లు తుడిచి గుమ్మం దగ్గర పెడుతోంది. పాపం, నికొలౌస్ గురించి ఎవరో చెప్పి ఉంటారు, ఏ రోజో చెప్పడం మరిచిపోయి ఉంటారు. వారం వారం ఆశగా పెడుతోంది, వారం వారం ఖాళీ బూట్లు తొడుక్కుని వెళుతోంది!

"ఖాళీ బూట్లు చూడలేకపోయాను" అన్నాడు. "ఎప్పుడు ఆరో తేదీ వస్తుందా అని కాచుకున్నాను."

నన్ను ఎవరైనా ఓదార్చి ఉంటే బాగుండేది. ఎవరూ ఓదార్చలేదు కాబట్టి మళ్లీ కోపం తెచ్చుకున్నాను. ఇంజెక్షన్లు చేసే ఇరవై ఒక్క ఏళ్ల మనిషిని పట్టుకుని పసిపిల్ల అనుకుంటారా అని. కానీ ఆ కోపం నిలవలేదు, ఎందుకంటే తాత చూపు నా కాళ్లమీద పడింది, ఆయనకి నాకన్నా పెద్ద కోపం వచ్చింది. "ఈ రాతిమీదా? ఉత్త మేజోళ్లతోనా? ఇంతమంది ఉండి ఎవరూ...?" అని ఫాదర్‌నీ, దొరసానినీ, సూటుకేసునీ వరసగా చూశాడు. తాళాలు గలగలలాడించుకుంటూ లోపలి గదిలోకి వెళ్లి, తన మందపాటి ఉన్ని స్లిప్పర్లు తెచ్చి నా ముందు పెట్టాడు. ఆ గది తుడిచేటప్పుడు మాత్రమే వేసుకుంటాడట. "ఇవి వీధి మొహం ఎరగవు" అన్నాడు.

వీధి మొహం ఎరగనివి చెప్పులెలా అవుతాయి? నాయనమ్మ చట్టంలో దానికి అడ్డు లేదు. నేను కాళ్లు దూర్చాను. ఒక్కోదాంట్లో నా రెండు కాళ్లూ పట్టేలా ఉన్నాయి. దొరసాని వంగి పరిశీలించి, "ఇవి పాదరక్షలేనా?" అని అడిగింది. ఫాదర్ వెంటనే "అవును" అన్నారు (ఆయన నోట మొదటిసారి, చివరిసారి విన్న సూటి జవాబు). "అయితే నాకు అభ్యంతరం లేదు, వచ్చేవారం కూడా ఆ అమ్మాయే చదవొచ్చు" అంది ఆవిడ. ఆవిడకి తల కప్పుకోకుండా దేవుడి ముందుకి రావడం భయం, నాకు కాళ్లు కప్పుకుని రావడం భయం. భయం ఒకటేనని అప్పుడు ఇద్దరికీ తోచలేదు. తర్వాత ఆవిడ నాచేత తాతని ఒక ప్రశ్న అడిగించింది: "ఈ దేశంలో ఇంత చక్కని ఆచారం ఉందని మాకెందుకు చెప్పలేదు?" తాత రెండే మాటలన్నాడు. "మీరు అడగలేదు." ఏళ్ల తరబడి ఆయన తీసిన తలుపులోంచి వచ్చి, ఆయన రాజేసిన పొయ్యి దగ్గర చలికాచుకుని, గుడ్ మార్నింగ్ తప్ప ఇంకో మాట అనని సంఘం అది. ఇప్పుడు రంగుల పుస్తకం వేసింది కూడా అదే సంఘం.

తాత ఒక అక్రోటు ఏరి, గుడి పెద్ద తాళంచెవితో బెంచీ మీదే పగలగొట్టి నోట్లో వేసుకున్నాడు. కమలాపండు నాకిచ్చాడు. నేను దాన్ని పట్టుకుని కొళాయి దగ్గరికి వెళ్లి శుభ్రంగా కడిగాను. "తొక్క తీసే పండుని కడగడమేమిటి?" అని ఆయన ఆశ్చర్యపోయాడు. నేను తొక్క తీసుకుని తిన్నాను.

మరుసటి డిసెంబరులో సంఘంలో పిల్లలున్న ప్రతి ఇంటివాళ్లూ వాకిట్లో బూట్లు పెట్టారు. ఆ పై ఏడాది పెద్దవాళ్లు కూడా. దొరసాని అందరికన్నా ముందు పెట్టింది, ఈకతో సమానంగా మెరిసేలా పాలిష్ చేసి. తాత నింపుతుంటే సాయం చేయడానికి వెళ్లిన నేను, చూస్తూ చూస్తూ తిండిని బూట్లలో వేయలేక, కాఫీ బల్లమీది తెల్ల రుమాళ్లు తెచ్చి ముందు అవి పరిచాను. తాత ఒక నిమిషం చూసి, "ఇలా శుభ్రంగా ఉంది" అన్నాడు. అదీ సంగతి. అది హృదయశుద్ధికి గుర్తు కాదు, నా నాయనమ్మకి గుర్తు. తాత పోయాక ఆ పని నాకు మిగిలింది. ఆయన అసలు పేరు నాకు బాగా తెలుసు. ఇక్కడ రాయను. ఆ పేరు ముందు పడాల్సిన చోటు ఆ పద్నాలుగో పేజీ ఎదుట, ఆ ఫొటో కింద.

మొన్న డిసెంబరులో నేను సమ్మె చేద్దామనుకున్నాను. మీరు రాసుకున్న ఫాదర్‌గారే స్వర్గం నుంచి దిగివచ్చి బూట్లు నింపనీ, నేను వేలు కదపను! అలవాటు కొద్దీ అక్రోట్లు, కమలాపళ్లు కొన్నాను, అది వేరే విషయం. అలవాటు కొద్దీ రుమాళ్లు కూడా సంచీలో పెట్టుకున్నాను. ఆదివారం వెళ్లి, వాకిట్లో బెంచీ మీద కూర్చుని నా బూట్లు విప్పి, స్లిప్పర్లు తొడుక్కుని, సంచీ ఒళ్లో గట్టిగా పట్టుకుని ఆరాధనలో కూర్చున్నాను. ఇప్పుడు మా బెంచీల్లో మేజర్లూ లేరు, టోపీలూ లేవు. ఘనావాళ్లు, కేరళవాళ్లు, మన కంప్యూటర్ కుటుంబాలు, జీగెన్ నుంచి రైల్లో వచ్చే తెలుగు విద్యార్థులు. పాఠం ఒక హైదరాబాద్ అమ్మాయి చదివింది. ఒకచోట తప్పు చదివింది, నేను దగ్గాను. ప్రసంగం నా చెవికెక్కలేదు. కళ్లముందు వాకిలే ఉంది, వాకిట్లో వరసగా నోరు తెరుచుకున్న బూట్లు. మంచు బూట్లు, పసిపిల్లల బూట్లు, ఒక విద్యార్థి పగిలిన కాన్వాసు బూట్లు. పుస్తకం వేసినవాళ్లమీద కదా నా కోపం, బూట్లు ఏం చేశాయి అని నాకు నేను చెప్పుకున్నాను. కాదులే, అలా కూడా చెప్పుకోలేదు. ఖాళీ బూట్లు చూడలేకపోయాను, అంతే. చివరి కీర్తన మొదలవగానే లేచి, స్లిప్పర్లు టపటపలాడించుకుంటూ బయటికి వెళ్లాను.

అన్నిటిలో రుమాళ్లు పరిచి, అన్నీ నింపాను. స్లైడ్ల అబ్బాయి బూట్లలో మాత్రం రుమాలు పరచలేదు. పళ్లు ఉత్త బూట్లోనే పడేశాను. ఒక మనిషికి ఇంతకన్నా పెద్ద శిక్ష నేను నా జీవితంలో వేయలేదు.

కీర్తన అయి అందరూ వచ్చారు. అతను తన బూట్లలోకి, పక్కవాళ్ల బూట్లలోకి మార్చి మార్చి చూశాడు. "ఆంటీ, నాకొక్కనికే నాప్‌కిన్ ఎందుకు లేదు?"

"అది హృదయశుద్ధికి గుర్తట కదా. నీ పుస్తకంలోనే చదివాను."

అతను తల గోక్కుంటూ, "ఆ తాత పేరేంది ఆంటీ? చెప్పుండ్రి, ఉన్న పుస్తకాలన్నిట్ల పెన్నుతోనన్న రాస్త" అన్నాడు. చెప్పాను. స్పెల్లింగు రెండుసార్లు చెప్పాను, పుట్టిన ఏడు కూడా చెప్పాను. అతను ఫోనులో రాసుకుని, చాలా తేలికపడ్డవాడిలా, బూటులోంచి కమలాపండు తీసి గోరు దించబోయాడు.

"ఆగు!" అని అరిచాను. వాకిట్లో అందరూ ఉలిక్కిపడ్డారు. "కడుక్కుని తిను!"

"తొక్క తీసే పండుని కడుగుడేంది ఆంటీ?" అన్నాడు.

యాభై అయిదేళ్ల కిందట, ఇదే వాకిలికి ఆ పక్కన, ఇదే మాట నేను జర్మన్‌లో విన్నాను. అప్పుడు రెండు చేతుల్లో రెండు బూట్లు పట్టుకుని, ఏడుస్తూ, లోకం మొత్తాన్ని తెలుగులో తిట్టిన ఆ పిల్ల ఏమైందా అని ఒక్కోసారి అనుకుంటాను. ఎక్కడికీ పోలేదు, ఇదిగో, ఇక్కడే నిలబడి అరుస్తోంది. నాకు నవ్వొచ్చింది, కానీ అతనికి కనబడనివ్వలేదు. ఆ ప్రశ్నకి అప్పుడూ నా దగ్గర జవాబు లేదు, ఇప్పుడూ లేదు. వేలుపెట్టి కొళాయి చూపించాను.